కౌన్సిల్ ఇంట్లో ఉంటూ వేరే ఊరికి మారాలంటే?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంట్లోనో, హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లోనో అద్దెకుంటూ వేరే ఊరికి మారాలనుకునేవాళ్లకి ఈ ఎపిసోడ్. ముందు ఒక్క మాట: తొందరపడి ఉన్న ఇల్లు వదిలేయొద్దు. కొత్త ఊళ్లో మళ్లీ ఇల్లిస్తారన్న హామీ ఏమీ లేదు.

మరి దారులేంటి? ముఖ్యంగా మూడు.

ఒకటి, ట్రాన్స్‌ఫర్. మీ ల్యాండ్‌లార్డ్‌కి ఆ ఊళ్లో కూడా ఇళ్లుంటే అడగొచ్చు. కానీ వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది.

రెండోది, రైట్ టు మూవ్. ఉద్యోగం కోసం నిజంగా మారాల్సి వస్తే, "మీకు మా ఊరితో సంబంధం లేదు" అని అక్కడి కౌన్సిల్ మిమ్మల్ని లిస్టులోంచి తప్పించకూడదు. 2015 నుంచి ఈ రూల్ ఉంది. అయితే ఇల్లు వెంటనే వస్తుందని కాదు.

మూడోది, మ్యూచువల్ ఎక్స్ఛేంజ్. అంటే ఇంకో అద్దెదారుతో ఇళ్లు మార్చుకోవడం. హోమ్‌స్వాపర్ లాంటి సైట్లలో వెతుక్కోవచ్చు. వెయిటింగ్ లిస్ట్‌తో పనిలేదు. మీరు సెక్యూర్ టెనెంట్ అయితే ల్యాండ్‌లార్డ్ 42 రోజుల్లో జవాబివ్వాలి. అద్దె బాకీ ఉంటే ముందు కట్టమనొచ్చు.

జాగ్రత్త అండీ: ఇద్దరి ల్యాండ్‌లార్డులూ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సామాన్లు కదిలించొద్దు. అలా మారితే ఇద్దరి ఇళ్లూ పోయే ప్రమాదం ఉంది. సంతకం పెట్టేముందు కొత్త ఇంటి అద్దె ఎంతో, టెనెన్సీ ఏ రకమో కూడా అడిగి తెలుసుకోండి.