ఘంటసాలవారి గీతాగానము – ఒక రికార్డు కథ

మంగినపూడి సముద్రతీరమునుండి గుడివాడ వరకును, ఇటు దివిసీమ లంకల వరకును ఏ ఊరనైనను తెల్లవారుజామున మైకులో ఘంటసాలవారి భగవద్గీత వినబడినదనుకొనుడు. వాకిట కళ్ళాపి చల్లుచున్న ఇల్లాలు చెంబు క్రింద పెట్టి వీధి చివరకు చూచును. పొలమునకు బయలుదేరిన రైతు కాలువగట్టున ఆగిపోవును. ఇద్దరి నోటను వచ్చు ప్రశ్న ఒక్కటే: "పాపం, ఎవరు పోయారు?" పాడుచున్నదేమో ఎవరును చెప్పనక్కరలేదు. ఆ కంఠము వినబడుటయే కబురు.

ఒక గ్రామఫోను రికార్డు ఊరికి చావుకబురు చెప్పు టముకు వంటిదగుట వింత. విచారింపదగిన విషయము కూడ. ఏలనన ఆ రికార్డు అందులకై పుట్టినది కాదు. అది ఎట్లు పుట్టినది, జనులు దాని నెట్లు స్వీకరించిరి, ఈ స్థితి దానికెట్లు సంప్రాప్తించినది అను సంగతులు తెలిసికొన్నచో, మన యింట నున్న పాటను మనమే ఎట్లు పోగొట్టుకొందుమో బోధపడును.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమునందలి చౌటపల్లిలో జన్మించిరి. ఇంటిపేరైన ఘంటసాల ఈ కృష్ణాజిల్లాలోని ప్రాచీన బౌద్ధక్షేత్రము. టాలెమీ తన భూగోళ గ్రంథమున పేర్కొన్న కంటకోస్సిల అను వర్తకస్థానము ఇదియేయని చరిత్రకారులు గుర్తింతురు. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడువారు. చిన్ననాటి కుమారుని భుజములపై నెక్కించుకొని భజనలకు తీసికొనిపోయెడివారు. తరంగము పాడుచుండగా బాలుడు నాట్యమాడెడివాడు. చూచినవారు వానిని "బాలభరతుడు" అని ముద్దుగా పిలిచెడివారు. కూచిపూడి నర్తకులు పళ్ళెము అంచుపై నిలిచి ఆడునదియు ఈ తరంగములకే. అనగా శ్లోకమును పాటగా, పాటను ఆటగా చేసికొనుట ఆ నేలకు సహజవిద్య.

బాల్యముననే తండ్రి గతించెను. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో ఆయన విజయనగరము చేరి, మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థియయ్యెను. భుక్తికి ఆధారము లేక, జోలె పట్టి ఇల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొని తినుచు చదువుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు గురువు. ఆ గురువుగారి కుమారుడు సంగీతరావుగారే తరువాతి కాలమున మద్రాసులో ఘంటసాలకు చిరకాల సంగీత సహాయకులగుట గమనింపదగినది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని కారాగారవాసము అనుభవించిరి. అటుపిమ్మట సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మద్రాసు చేరి, రేడియోలోను చిత్రములలోను పాడసాగిరి. 1951 నాటి పాతాళభైరవి, 1957 నాటి మాయాబజారు చిత్రముల సంగీతమును ఎరుగని తెలుగు ఇల్లు లేదు.

ఆయన గానమున ఒక ప్రత్యేకతను ఇచ్చట చెప్పుకొనవలెను. ఆంధ్రనాటకరంగమున పద్యము నటుని బలప్రదర్శనము. చివరి వరుసలో కూర్చున్నవానికి వినబడవలెను గనుక గొంతు హెచ్చించి, రాగమును సాగదీసి, "వన్స్ మోర్" అనిపించుకొనెడివారు. మైలవరము కంపెనీలో పేరుపొందిన కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యముల ప్లేట్లు ఇంటింట మ్రోగిన కాలమది. మైకు వచ్చిన పిమ్మట అరవవలసిన అవసరము పోయినది. ఘంటసాల ఈ మార్పును గ్రహించిరి. రాగమును పద్యభావమునకు చాలినంతకే కుదించి, మాటను ముందు నిలిపి, రాగమును దాని వెనుక నడిపించిరి. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము ఆయన కంఠమున వినినవారికి ఈ సంగతి విశదమే. ప్రతి అక్షరమును చెవిని పడును. అర్థము మనసున పడును. ఆ తరువాతనే రాగము జ్ఞప్తికి వచ్చును.

అయితే పాత ప్లేటుకు ఒక ఇరుకుండెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కపలక ఒక్కొక్క ముఖమున మూడు నిమిషములకు మించి కొంచెము మాత్రమే పట్టును. ఆ కొలతలో రెండు మూడు పద్యములు ఇముడును గాని ఒక గ్రంథము ఇముడదు. 1948లో అమెరికాలో వెలువడిన దీర్ఘవాదనపు రికార్డు, అనగా జనులు ఎల్పీ అని పిలుచునది, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు ఒక్కొక్క ముఖమున ఇరువది నిమిషములకు పైగా వినిపింపగలిగెను. ఈ సాధనము వచ్చిన తరువాతనే ఒక స్తోత్రమునంతటిని, ఒక గ్రంథసారమును వరుసగా పాడి ఇంటింటికి పంపుట సాధ్యమైనది.

ఘంటసాలకు 1970లో పద్మశ్రీ పురస్కారము లభించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో కచేరీలు చేసి వచ్చిరి. అప్పటికే మధుమేహము ఆయనను బాధించుచుండెను. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేయుచుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరవలసివచ్చెను. ఆ ఆస్పత్రి మంచముపై నున్న దినములలోనే భగవద్గీతను పాడవలెనను సంకల్పము కలిగెను. వేలకొలది పాటలు ఇతరుల కోరికపై పాడిన గాయకుడు, ఇక మిగిలిన ఊపిరిని దేనికి వినియోగింపవలెనని తనను తాను ప్రశ్నించుకొని చెప్పుకొన్న సమాధానముగా దీనిని భావింపవచ్చును.

పని సులభమైనది కాదు. గీతలో 18 అధ్యాయములు, 700 శ్లోకములు. ఒక్కొక్క శ్లోకమునకు, దాని తాత్పర్యమునకు కలిపి ఒక్క నిమిషము పట్టుననుకొన్నను మొత్తము పదకొండు గంటలు దాటును. అందుచే ఎన్నిక తప్పనిసరియైనది. కథాసూత్రము తెగకుండ, అధ్యాయముల వరుస చెడకుండ సుమారు నూరు శ్లోకములు ఏర్చుకొనిరి. మొదట శ్లోకమును సంస్కృతమున రాగయుక్తముగా పాడుట, వెంటనే దాని తాత్పర్యమును తేటతెలుగు వచనమున తామే చెప్పుట: ఇదియే ఆ రికార్డు నడక.

గీతలోని శ్లోకములు అధికభాగము అనుష్టుప్పులు. పాదమునకు ఎనిమిది అక్షరముల చొప్పున నాలుగు పాదములకు 32 అక్షరములు. పొట్టి ఛందస్సు; ఆలాపనకు చోటీయదు. విశ్వరూప సందర్శనము వంటి ఘట్టములలో ఛందస్సు మారి, పాదమునకు పదకొండక్షరముల వృత్తము వచ్చును. అచ్చట వేగము, గాంభీర్యము హెచ్చును. ఘంటసాల ఈ భేదమును పాటించిరి. శ్లోకమున వినబడునది గాయకుని గొంతు. తాత్పర్యమున వినబడునది ఇంటి అరుగుపై కూర్చుండి చెప్పు పెద్దవాని గొంతు. ఒకే మనిషి ఈ రెండు గొంతులతోను పలుకుటచే, సంస్కృతము రాని రైతుకు గూడ గ్రంథము పరాయిదను భావము కలుగలేదు. అంతకు పూర్వము గీత పండితుని ముఖతః వినవలసినది, లేదా చదువు వచ్చినవారు చదువుకొనవలసినది. ఇప్పుడు చదువు లేని అవ్వకును అది సొంతమైనది.

1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల స్వర్గస్థులైరి. హెచ్.ఎం.వి. వారి గీతా రికార్డు అంగడికి వచ్చునప్పటికి ఆయన లేరు. కనుక శ్రోతలు దానిని మొదటిసారి వినినది పోయినవాని గొంతుగానే. ఇది యాదృచ్ఛికమేయైనను, తరువాతి కథకు ఇది నాంది యనుకొనవచ్చును.

తొలిరోజులలో రికార్డు ప్లేయరు గల ఇండ్లవారు, దేవాలయములవారు దానిని కొనిరి. 1980 ప్రాంతమున క్యాసెట్టు వచ్చి పరిస్థితిని మార్చినది. ఎల్పీ ఖరీదైనది, గీత పడునది, దానికి వేరే యంత్రము కావలెను. క్యాసెట్టు జేబులో పట్టును. షామియానాలు, మైకుసెట్టు అద్దెకిచ్చు ప్రతివాని పెట్టెలోను ఒక గీత క్యాసెట్టు చేరినది. చనిపోయినవారి చెంత గీత చదివించు ఆచారము మనలో పూర్వమునుండియు కలదు. రెండవ అధ్యాయమున దేహము నశించునే గాని దేహి నశింపడను బోధ, ఎనిమిదవ అధ్యాయమున అంత్యకాల స్మరణ ప్రసక్తి ఉండుటచే ఆ ఆచారము ఏర్పడినది. కాని చదువువాడు దొరకవలెను గదా! క్యాసెట్టు ఆ కొరత తీర్చెను. కూలివాని గుడిసె ముందరను, భూస్వామి మేడ ముందరను అదే గొంతు, అదే శ్రద్ధతో పలికినది. పేదవాని చావునకు గూడ అంతటి మర్యాద దక్కుట చిన్న విషయము కాదు. ఈ లాభమును మనము మరువరాదు.

కాని లాభముతోబాటు నష్టమును వచ్చినది. పదిసార్లు చావింట వినిన పాటను పదకొండవసారి మన యింట వినుటకు మనసొప్పదు. "అది ఇంట్లో పెట్టకు, అశుభం" అని పెద్దలు పిల్లలను వారింపసాగిరి. 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతము రికార్డును దీనితో పోల్చి చూడుడు. అదియు సంస్కృతమే, అదియు భక్తిగానమే. కాని దాని పేరులోనే దాని వేళ ఉన్నది. కావున అది ఉదయమునకు గుర్తై, కాఫీవాసనతో కలిసిపోయినది. గీతకు అట్టి వేళ లేదు. తనకు వేళ చెప్పని పాటకు లోకమే ఒక వేళను ఏర్పరచును. గీతకు లోకము ఏర్పరచినది మరణవేళ.

ఇందలి విపరీతమేమనగా, గీత మరణించినవానికి చెప్పినది కాదు. విల్లు జారవిడిచి, ఏమి చేయుటకును తోచక రథముపై కూలబడిన ఒక సజీవునికి చెప్పినది. చివర శ్రీకృష్ణుడు ఆజ్ఞ విధింపడు. చెప్పినదంతయు ఆలోచించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమనును. అర్జునుడు సందేహము తీరి లేచి నిలుచును. రికార్డును మొదటినుండి తుదివరకు వినినచో ఈ నడక స్పష్టమగును. చావింట ఎవరు అట్లు విందురు? ఏడ్పుల మధ్య, వచ్చిపోవువారి మాటల మధ్య, నాలుగు ముక్కలు చెవిని పడును; పాడె లేచిన వెంటనే మైకు ఆగిపోవును. అర్జునుడు కూలబడినంతవరకు విని, లేచి నిలుచుట వినకుండ మనము ఇంటికి వచ్చుచున్నాము.

పరీక్షకు పోవు కుర్రవాడు, అప్పు ఎట్లు తీర్చుదునని తలపట్టుకొన్న గృహస్థు, తుపానులో పంట పోయి మరల నారు పోయవలెనా మానవలెనా యని తేల్చుకొనలేని దివిసీమ రైతు — వీరందరును విల్లు జారవిడిచినవారే. వీరికై పాడినవాడు చౌటపల్లిలో పుట్టి, జోలె పట్టి చదివి, ఆస్పత్రి మంచముపైనుండి లేచి వచ్చి పాడినవాడు. కృంగినవాడు లేచుట ఎట్లో ఆయన గొంతునకు తెలియును.

కావున మనవి: ఇంట అందరును క్షేమముగా నున్న ఒక సాయంకాలమున, పని ముగించి, దీపము వెలిగించి, ఆ రికార్డును మొదటినుండి కడవరకు ఒక్కమారు వినుడు. ప్రక్కింటివారు గాబరాపడి "ఎవరికేమైంది?" అని పరుగున వచ్చినచో, "ఎవరికీ ఏమీ కాలేదండీ, వింటున్నాం, కూర్చోండి" అని పీట వేయుడు.