పని అడిగే హక్కు

పేదరికమనగానే తిండికి, బట్టకు, నీడకు కరవే స్ఫురిస్తుంది. కాని గ్రామీణ కూలీల పేదరికానికి మరొక ముఖం ఉన్నది. ఒళ్లు వంచి పనిచేసే సత్తువ ఉండి కూడా ఏడాదిలో కొన్ని నెలలు పని దొరకకపోవడం, దొరికిన పనికి ఎదుటివారు ఇచ్చినంతే పుచ్చుకోవలసి రావడం ఆ రెండవ ముఖం. పూట గడవని వాడు బేరమాడలేడు. అందుచేత అల్పవేతనం, నిరుద్యోగం ఒకే చెట్టుకు పుట్టిన రెండు కొమ్మలు.

కరవు కాలంలో ప్రజలకు పని కల్పించడం మనకు కొత్త కాదు. 1876–78 నాటి ధాత కరవులో ఆంగ్ల ప్రభుత్వం మద్రాసు రాజధానిలో కరవు పనులు చేయించింది. ఆనాడు రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే. చెమటోడ్చి పనిచేసే వానికి అది చాలనే చాలదన్న విమర్శలు అప్పుడే వెలువడ్డాయి. ఆ పని ప్రభువుల దయ. అడిగి తీసుకొనే హక్కు కాదు. స్వతంత్ర భారతంలో ఆ దయను హక్కుగా మార్చిన తొలి రాష్ట్రం మహారాష్ట్ర. 1970లలో, తీవ్రమైన అనావృష్టి నేపథ్యంలో విస్తరించిన ఉపాధి హామీ పథకానికి అక్కడ 1977లో చట్టరూపం లభించింది.

దేశమంతటికీ వర్తించే జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని పార్లమెంటు 2005లో ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకాన్ని ప్రారంభించారు. వానచినుకుకై మొగం వాచి, వలసలకు అలవాటుపడిన ఆ సీమలో దీనికి శ్రీకారం చుట్టడం ఎంతైనా సముచితం. తొలుత 200 జిల్లాల్లో అమలైన పథకం 2008 నాటికి గ్రామీణ భారతమంతటా విస్తరించింది. 2009లో దానికి మహాత్మాగాంధీ పేరు చేరింది.

ఈ చట్టం ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హామీ ఇచ్చింది. పని కోరిన 15 రోజులలోగా చూపాలి. చూపలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. స్త్రీ పురుషులకు సమాన వేతనమివ్వాలి. గుత్తేదారులకు ఇందులో చోటు లేదు. చెరువుల పూడికతీత, నీటి కుంటలు, కందకాల తవ్వకం వంటి పనులు ఊరికి నీటి వనరులై నిలిచాయి. ఖర్చుల లెక్కలను గ్రామసభలో బహిరంగంగా చదివి వినిపించే సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మార్గదర్శకమైంది.

పథకం వల్ల నిజమైన మేలు కలిగిందా అన్న ప్రశ్నకు ఇక్కడి అనుభవమే సమాధానం చెప్పింది. కూలి సొమ్ము చెల్లింపునకు స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి రాష్ట్రంలోని 8 జిల్లాలలో, 157 మండలాలలో పరిశోధన జరిపారు. కార్డులు వచ్చిన చోట సొమ్ము త్వరగా చేతికందింది. మధ్యలో స్వాహా కావడం తగ్గింది. పేద కుటుంబాల ఆదాయం సుమారు 13 శాతం పెరిగింది. విశేషమేమంటే, ఆ పెరుగుదలలో అత్యధిక భాగం పథకం కూలి వల్ల వచ్చినది కాదు. బయటి పనులలో కూలి రేట్లు పెరగడం వల్ల, పని దొరకడం వల్ల వచ్చినది. వేరొక ఆసరా ఉన్నదన్న ధైర్యమే కూలీకి బేరమాడే శక్తినిచ్చింది. గట్టు మీద పనికి పోని వానికి కూడా ఆ ఫలితం అందింది.

లోపాలూ లేకపోలేదు. 100 రోజుల హామీ ఉన్నా, దేశంలో ఒక్కో కుటుంబానికి సగటున దక్కినది అందులో దాదాపు సగమే. నెలల తరబడి బకాయి పడిన కూలి పేదవానిని మళ్లీ వడ్డీ వ్యాపారి గడపకే చేర్చింది. పంటల కాలంలో కూలీలు దొరకడం లేదని, దొరికినా ఆ కూలి గిట్టుబాటు కావడం లేదని చిన్న రైతులు వాపోయారు. ఆ ఆవేదననూ తోసిపుచ్చలేము.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో మరొక చట్టాన్ని ఆమోదించింది. అది పని దినాలను 125కు పెంచింది. విత్తనాల వేళ, కోతల వేళ మొత్తం 60 రోజుల వరకు పనులకు విరామమిచ్చే వెసులుబాటు కల్పించింది. చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలన్నది. ఆ విరామం రైతుకు ఊరట కావచ్చు. కాని కూలీకి బేరమాడే అవకాశం ఎక్కువగా ఉండేదీ ఆ రోజులలోనే. ఈ రెంటి నడుమ సమన్వయం సాధించడమే పాలకుల ముందున్న పరీక్ష.

సంక్షేమ పథకం విలువను పంచిన సొమ్ముతోనే కొలవరాదు. అడిగిన నాడు పని, చేసిన పనికి సకాలంలో కూలి, తక్కువ కూలిని కాదనగల ధైర్యం – ఈ మూడూ దక్కినప్పుడే ఆ పథకం సార్థకమవుతుంది.