మీకు తెలుసా? తుపాకీ బోల్టూ, ఇంజను వాల్వూ

త్రీనాట్‌త్రీ తుపాకీ బోల్టు పిడి దగ్గర ఒక నంబరు కొట్టి ఉంటుంది. అదే నంబరు తుపాకీ ఒంటి మీదా ఉంటుంది. పక్కవాడి బోల్టు తీసి దీనికి పెడితే దూరుతుంది, చాలాసార్లు తిరుగుతుంది కూడా. అయినా పెట్టకూడదు. తూటా అడుగుకూ బోల్టు మొహానికీ మధ్య ఉండాల్సిన సందును ఏ తుపాకీకి ఆ తుపాకీలోనే కొలిచి సరిచేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన నంబర్ 4 రకానికైతే బోల్టు తలల్నే 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో చేశారు. సైజుకీ సైజుకీ తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. అంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం! బోల్టు గరగరమంటోందని ఇంట్లో కూర్చుని రుద్దడానికి సిద్ధమయ్యేవాళ్లు ముందు ఈ వెంట్రుకను గుర్తుపెట్టుకోవాలి.

గరగర ఎక్కడిది? లేతు మీద నుంచి వచ్చిన ఉక్కు కంటికి నున్నగానే ఉంటుంది. గోరు పెట్టి లాగితే సన్నటి గాళ్లు తగులుతాయి. బోల్టు మీది గాళ్లూ, అది జారే గాడిలోని గాళ్లూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. రాపిడి ఎక్కడుందో పట్టుకోవడానికి విదేశాల్లో తుపాకీ మెకానిక్కులు చేసే పని చాలా తేలిక. తుపాకీలో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, బోల్టును బయటికి తీసి, మార్కరు పెన్నుతో నల్లగా పూసి, తిరిగి పెట్టి ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. సిరా ఎక్కడ చెరిగితే అక్కడే రాపిడి. అంతమేరకే, నూనెలో తడిపిన సన్నరకం వాటర్ పేపరుతో, బోల్టు జారే దిశలోనే నాలుగు రుద్దులు రుద్దుతారు. పని అయ్యాక పొడి రేణువు ఒక్కటి మిగలకుండా కడుగుతారు. మిగిలితే అది ఆడించిన ప్రతిసారీ అరగదీస్తూనే ఉంటుంది.

ముట్టుకోకూడని చోట్లు మూడున్నాయి. పేలుడు ఒత్తిడిని ఆపే కొమ్ములు, తూటాను ఆనించే మొహం, ట్రిగ్గరు పట్టుకునే మెట్టు. జర్మన్ల 1898 మౌజరు లాంటి వాటికి ఉక్కు పైపొర మాత్రమే గట్టిది, లోపల మెత్తన. అద్దంలా మెరవాలని రుద్దుకుంటూ పోతే ఆ పొర ఊడిపోతుంది. మెరుపు మీద మోజు ఉన్నవాళ్ల చేతికి బోల్టు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అసలు మన దేశంలో ఈ పని ఇంట్లో చేయొచ్చా? తుడవడం, నూనె రాయడం వరకు అభ్యంతరం లేదు. రిపేరు మాట వేరు. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ అమ్మడానికే కాదు, బాగుచేయడానికీ విడిగా లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు ఆ పనికి చాలదు. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం చేసిన .315 రైఫిలు కూడా త్రీనాట్‌త్రీ అచ్చులో పోసిందే. అది గరగరమన్నా లైసెన్సున్న రిపేరు షాపుకే తీసుకెళ్లాలి.

బాపట్ల దగ్గరి మన పిట్టలవానిపాలెం చుట్టుపక్కల బోల్టు రైఫిళ్లు అరుదు. కానీ అదే విద్యను ఇక్కడి ఆయిలింజను మెకానిక్కులు లైసెన్సు అక్కర్లేకుండా చేస్తూనే వచ్చారు. కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూములివి. కాలవ నీళ్లు అందని ఏడాది ఇంజనే దిక్కు. హ్యాండిలు ఎంత తిప్పినా ఇంజను అందుకోకపోతే, ‘కంప్రెషన్ పోయింది, వాల్వులు గ్రైండింగు పెట్టాలి’ అంటాడు మెకానిక్కు. హెడ్డు దింపి, వాల్వు అంచుకు గ్రైండింగు పేస్టు రాసి, దాని తలకు రబ్బరు కప్పున్న కర్ర అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పుతాడు. మొదట ముతక పేస్టు, తర్వాత సన్నది. చెవి అటు పడేస్తే పని ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది. మొదట్లో కరకరమన్నది కాసేపటికి మెత్తగా సుయ్యిమంటుంది. తుడిచి చూస్తే వాల్వు అంచు చుట్టూ తెగకుండా బూడిదరంగు పట్టీ ఒకటి కనిపించాలి. ఎక్కడైనా పట్టీ తెగిందా, మళ్లీ పేస్టే. చివరికి హెడ్డు తిరగేసి, గాలి వచ్చే దారిలో కిరసనాయిలు పోసి, వాల్వు పక్కన చెమ్మ ఊరుతుందా అని చూస్తాడు.

రెండు మూడు సిలిండర్లున్న ట్రాక్టరు ఇంజనైతే వాల్వుల్ని విప్పేటప్పుడే చుక్కలు కొట్టి గుర్తులు పెట్టుకుంటారు. ఏ సీటులో అరిగిన వాల్వు ఆ సీటులోకే పోవాలి. బోల్టు మీది నంబరు చెప్పేదీ అదే.

బాపట్ల, తెనాలి, రేపల్లె కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకు బోల్టు కొత్త కాదు. క్యాంపుల్లో చేతికిచ్చే .22 డీలక్స్ రైఫిలు బోల్టు రకమే. ‘ఖోల్నా జోడ్నా’ అంటూ విప్పి బిగించడం, చింది గుడ్డతో గొట్టం తుడవడం అక్కడి మొదటి పాఠాలు. పాత త్రీనాట్‌త్రీ మడమలోనైతే చిన్న ఇత్తడి మూత కింద ఒక గుంట ఉండేది. గొట్టంలోంచి లాగే తాడూ, నూనె సీసా అందులోనే. బ్రిటిష్ జమానాలో తుపాకులకు పెట్టిన నూనెల్లో ఒకటి మనవాళ్లు పొట్టకూటికి ఓడెక్కి వెళ్లిన ఊరి పేరుతోనే ఉండేది: రంగూన్ ఆయిల్.

నునుపు వల్ల ఒరిగేదేమిటంటే వేగం. లీ-ఎన్‌ఫీల్డు (అదే మన త్రీనాట్‌త్రీ) బోల్టు 60 డిగ్రీలు తిరిగితే చాలు, మౌజరుకు 90 కావాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయి 300 గజాల దూరంలోని గురికి నిమిషంలో 15 గుళ్లు కాల్చాలని పరీక్ష పెట్టేవారు. ఆటలో వేగం కన్నా ఒద్దిక ముఖ్యం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చాడు. ఆ పోటీ క్వాలిఫికేషన్‌లోనే 60 గుళ్లు. బోల్టు ప్రతిసారీ ఒకేలా జారకపోతే భుజం కదులుతుంది, భుజం కదిలితే గురి పోతుంది.

త్రీనాట్‌త్రీ మాత్రం కొలువు దిగిపోయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌లో దానికి సెలవిచ్చారు.

మనవైపు సముద్రం దగ్గర. ఉప్పుగాలికి ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది. పైగా ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి రావచ్చు. ఫలితాలు వచ్చాక తెచ్చుకున్న తుపాకీ బోల్టు బిగుసుకుంటే అది చాలావరకు ఎండి జిగురైన పాత నూనె పనే. పొడిగుడ్డతో తుడిచి, ఒక్క చుక్క కొత్త నూనె వేసి, ఖాళీగా నాలుగుసార్లు ఆడిస్తే చాలు, వాటర్ పేపరు జోలికే పోనక్కర్లేదు.