సినిమా కెమెరా నాదే అన్నాడు ఎడిసన్!

సినిమా అయ్యాక "హంతకుడెవరో నాకు ఇంటర్వెల్‌కే తెలిసిపోయింది" అనే మిత్రులు మీకూ ఉండే ఉంటారు. పేటెంటు దావా తేల్చే జడ్జీకి అస్సలు ఉండకూడని జబ్బు అదే! పాత పరికరాలు పక్కన పెట్టుకుని చూస్తే ఏ కొత్తదైనా "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. ఆ రోజున, ఆ పని తెలిసిన మామూలు పనివాడికి ఆ మార్పు తనంతట తట్టేదేనా? అడగాల్సిన ప్రశ్న ఇదీ.

ఇందుకు నాకు నచ్చిన కేసు మన సినిమా కెమెరాదే. 1891లో దరఖాస్తు పెట్టిన ఎడిసన్‌కు 1897లో పేటెంటు దక్కింది. మరుసటి ఏడే అమెరికన్ మ్యూటోస్కోప్ కంపెనీ మీద దావా వేశాడు. తమాషా ఏమిటంటే, ఎడిసన్ దగ్గర ఆ కెమెరా కోసం చెమటోడ్చిన డిక్సన్ ఈ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు!

ఎడిసన్ కోరిక చిన్నదేం కాదు. ఒకే లెన్సు వెనక పొడవాటి ఫిల్ము ఆగి ఆగి కదిలే కెమెరా ఏదైనా తనదేనన్నాడు. 1901లో కింది కోర్టు సరేనంది. అదే ఖాయమై ఉంటే కెమెరా తిప్పే ప్రతివాడూ ఆయన గుమ్మం తొక్కాల్సిందే.

1902 మార్చిలో అప్పీలు కోర్టు కథ తిప్పేసింది. 1864 నాటి డ్యూకో పేటెంటు, 1888లో ల ప్రిన్స్ పొందిన పేటెంటు, ఫ్రాన్సులో మారే కెమెరా... ఇన్ని ఉండగా అంత హక్కు చెల్లదు పొమ్మంది. ఎడిసన్ తన హక్కును కుదించి, చిల్లుల ఫిల్మును పళ్ళచక్రంతో లాగే ఏర్పాటు చుట్టూ తిరగరాయించుకున్నాడు. ప్రత్యర్థుల కెమెరాలో ఫిల్మును రాపిడితో లాగేవారు. 1907లో వాళ్ళు బయటపడ్డారు. మరుసటి ఏడు ఆ బయోగ్రాఫ్ కంపెనీలోనే గ్రిఫిత్ దర్శకుడయ్యాడు!

తీర్పు న్యాయమేనంటాను. మరి ఆ చిల్లులు? మారే ఫిల్ముకు చిల్లుల్లేవు, బొమ్మల మధ్య ఎడం సమంగా వచ్చేది కాదు. అంతటి ఉద్దండుడు తంటాలు పడ్డది మామూలు పనివాడికి తట్టేదేనని ఎలా అంటాం? అయితే టెలిగ్రాఫులో చిల్లుల కాగితం అప్పటికే పాతది, ఎడిసనేమో టెలిగ్రాఫు మనిషి! ఇక్కడ నాకు కాస్త ఊగిసలాటే. అయినా చిల్లుల వరకు ఎడిసన్ వైపే మొగ్గుతాను.

సెల్‌ఫోన్‌లో మీరు చూసే పాటను కుదించి పంపే పేటెంట్ల దగ్గరా ఇదే తంతు సుమా! బొమ్మ బొమ్మకూ మారిన భాగం మాత్రం పంపితే చాలునని 1929లోనే కెల్ బ్రిటన్‌లో పేటెంటుకెక్కించాడు. ఆ ఊహ మొత్తం నాదేనని ఇవాళ ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేస్తారు. కదలికను లెక్కగట్టే తన సొంత కిటుకు వరకు అడిగితే, కూర్చోబెట్టి వింటారు.