శుభం కార్డు పడగానే లేచిపోకండి!

2022 ఆగస్టు 9. మహేశ్‌బాబు పుట్టినరోజు. పదహారేళ్ల కిందటి ‘పోకిరి’ని మళ్లీ తెరమీద వేస్తే హాళ్లు నిండిపోయాయి. ఆ తర్వాత ‘జల్సా’, ‘ఖుషి’... పాత సినిమాకు కొత్త టికెట్ కొనడం మనకు అలవాటైపోయింది. కాగితాలు ఎగరేస్తాం, హీరో కంటే ముందే డైలాగ్ చెప్పేస్తాం, చివరి పేర్లు పడుతుంటే బైక్ తాళాలు వెతుక్కుంటూ బయటికొచ్చేస్తాం.

సినిమారంగంలో పని చేయాలనుకునేవాళ్లు చేసే మొదటి పొరపాటు అదే! ఆ చివరి పేర్లే ఆ రంగంలో ఏయే ఉద్యోగాలున్నాయో చెప్పే జాబితా. దర్శకుడు, హీరో, కెమెరామ్యాన్... ఇవి అందరికీ తెలుసు. మిగతా పేర్ల పక్కన రాసి ఉన్న పనులేంటి?

పాత రీలు వెనక ఎన్ని చేతులో

ఫిల్ము మీద తీసిన సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే 2,59,200 ఫ్రేములు. రీలును స్కాన్ చేయాలి. దుమ్ము, గీతలు తీసేయాలి. వెలిసిపోయిన రంగుల్ని సరిచేయాలి. శబ్దంలో గరగర పోగొట్టాలి. సాఫ్ట్‌వేర్ చాలా సాయం చేసినా, ఏది గీత, ఏది వాన చినుకు అని తేల్చాల్సింది మాత్రం మనిషి కన్నే.

2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ‘దేవదాసు’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’, ‘ప్రేమ్‌నగర్’ సహా పది సినిమాలను దేశంలోని పలు నగరాల్లో ప్రదర్శించింది. అలాంటి పండగకు హక్కుదారులతో మాట్లాడేవాళ్లు, మంచి కాపీ వెతికేవాళ్లు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు, థియేటర్‌కు ఫైల్ సమయానికి చేరేలా చూసేవాళ్లు కావాలి. వీటిలో కొన్నింటికి సాంకేతిక డిగ్రీ అక్కర్లేదు. సబ్‌టైటిల్‌నే తీసుకోండి. సాధారణంగా తెరమీద రెండు లైన్లే, లైనుకు నలభై అక్షరాలకు అటూఇటూ. అందులోనే గోదావరి వెటకారం ఇంగ్లిషులో పలకాలి. తెలుగు బాగా వచ్చిన బీఏ విద్యార్థికి ఇది బలమే.

ఈ వారం ఎక్కడ చూడొచ్చు?

హైదరాబాద్‌లో ఉంటే రీ-రిలీజ్‌లతో పాటు మరికొన్ని చోట్ల కన్నేయండి. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథె జెంత్రమ్, బంజారాహిల్స్‌లోని లామకాన్. దేశవిదేశాల సినిమాలు, డాక్యుమెంటరీలు వేస్తుంటారు. చాలావాటికి టికెట్ ఉండదు, లేదంటే నామమాత్రం. సోమవారమే వాళ్ల సోషల్ మీడియా పేజీలు చూసి, ఒక్కటైనా ఎంచుకోండి. వందమంది కూడా లేని హాల్లో మీ పక్క సీట్లో ఎడిటరో, లెక్చరరో ఉండే అవకాశం ఎక్కువ. షో అయ్యాక జరిగే చర్చలో ఒక మంచి ప్రశ్న అడిగితే మీ ముఖం గుర్తుంటుంది.

మీ ఊళ్లో ఇవేవీ లేవా? కాలేజీలోనే ఫిల్మ్ క్లబ్ పెట్టండి. అయితే సొంత ఓటీటీ అకౌంట్‌తో హాల్లో అందరికీ వేసేయడం కుదరదు. హక్కులున్నవాళ్ల అనుమతి అడగాలి. ఆ మెయిల్ రాయడం, జవాబు రాబట్టడం, ప్రొజెక్టర్ ఏర్పాటు చేయడం... ఇవన్నీ రేపు రెజ్యూమెలో రాసుకోదగ్గ పనులే.

క్యాలెండర్‌లో రాసుకోండి

* ఇఫి, గోవా: 1952లో మొదలైంది. 2004 నుంచి గోవాలో, ఏటా నవంబరు చివర్లో జరుగుతోంది. దీంతోపాటే నిర్మాతలు, కొనుగోలుదారులు కలిసే ఫిల్మ్ బజార్ నడుస్తుంది. యువ సాంకేతిక నిపుణుల కోసం 2021లో 75 మందితో మొదలైన ‘క్రియేటివ్ మైండ్స్’ కార్యక్రమం కూడా ఇక్కడే.
* ఐఎఫ్ఎఫ్‌కే, తిరువనంతపురం: 1996 నుంచి. సాధారణంగా డిసెంబరులో. ఇక్కడి క్యూల్లో సగం చదువు అయిపోతుంది!
* మిఫ్, ముంబయి: డాక్యుమెంటరీలు, లఘుచిత్రాలు, యానిమేషన్ కోసం. రెండేళ్లకోసారి.

పెద్ద పండగలకు డెలిగేట్‌గా ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. విద్యార్థులకు విడిగా కేటగిరీ ఉందేమో చూడండి, కాలేజీ ఐడీ దగ్గర పెట్టుకోండి. రుసుము, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి అధికారిక వెబ్‌సైట్‌నే నమ్మండి. ప్రయాణం, బస ఖర్చు భారమనుకుంటే వాలంటీర్‌గా దరఖాస్తు చేయొచ్చు. కానీ భోజనం, బస ఇస్తారా, సర్టిఫికెట్ ఇస్తారా అన్నది వెళ్లే ముందే అడిగి తెలుసుకోండి. మొహమాటం వద్దు.

నోట్‌బుక్‌తో వెళ్లండి

సినిమాలు చూస్తే ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడుగుతారు. ఊరికే చూస్తే రాదు. ఒకే పనిని పట్టుకుని చూడండి. ‘మాయాబజార్’లో వెన్నెల పాట చూస్తూ మార్కస్ బార్‌ట్లే వెలుగును ఎలా వాడారో రాసుకోండి. మరోసారి ఎడిటింగ్ మాత్రమే, ఇంకోసారి శబ్దం మాత్రమే. వారానికొక పేజీ. మూడు నెలలకు పన్నెండు పేజీలు. వాటితోపాటు మీరు సబ్‌టైటిల్స్ వేసిన ఒక స్నేహితుడి లఘుచిత్రం, మీరు నడిపిన ఒక ప్రదర్శన. ఇంటర్న్‌షిప్ అడిగినప్పుడు “సినిమా అంటే ప్యాషన్ సార్” అనడం కన్నా ఇవి ఎక్కువ మాట్లాడతాయి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఫెస్టివల్ అని పేరున్న ప్రతిదీ ఫెస్టివల్ కాదు. నెలనెలా పోటీ పెట్టి, ఎంట్రీ ఫీజు కట్టిన దాదాపు అందరికీ ఏదో ఒక అవార్డు పంపించేవి ఆన్‌లైన్‌లో చాలానే ఉన్నాయి. నిజమైన హాల్లో ప్రదర్శన ఉందా? గత ఏడాది ఏ సినిమాలు వేశారు? జ్యూరీ ఎవరు? ఈ మూడింటికి జవాబు దొరక్కపోతే ఆ డబ్బుతో హార్డ్‌డిస్క్ కొనుక్కోవడం మేలు.

ఉద్యోగం చేస్తూనే...

సత్యజిత్ రే సినిమా స్కూల్లో చదువుకోలేదు. ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. 1947లో మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1950లో ఆఫీసు పనిమీద లండన్ వెళ్లినప్పుడు కొన్ని నెలల్లోనే వంద దాకా సినిమాలు చూశారు. 1955లో ‘పథేర్ పాంచాలి’ వచ్చింది. అందరం రే కాలేం. కానీ ఉద్యోగం వెతుక్కుంటూనో, చేస్తూనో వారానికొక సినిమా శ్రద్ధగా చూడటం ఎవరికైనా సాధ్యమే.

ఈ ఆదివారం షోకు వెళ్తే చివరి పేర్లు అయ్యేదాకా కూర్చోండి. మీకు తెలియని పని ఒక్కటి రాసుకోండి. ఇంటికెళ్లి అదేంటో వెతకండి. ఏమో, మీకు సరిపోయే పని అదే కావచ్చు!