పాత పాటల సంకలన రికార్డులు - సేకరణలో వివేకము

మనిషి కంఠస్వరము అతని ఆయువును మించి నిలుచుటకు మార్గము ఏర్పడి నూరేండ్లు దాటినది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ నిపుణుడు ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానమును ముద్రించెను. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో చెప్పెడిది. ఆ ముద్రణలు జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి అచ్చట రికార్డులుగా తయారగుచుండెను. అచ్చటి పనివారు గాయనిని గుర్తించుటకే ఈ ఏర్పాటు అని చెప్పుదురు. పాటతోబాటు దాని పుట్టుపూర్వోత్తరములు కూడ భద్రపడవలెనను సూత్రము ఇందులో కలదు. పాత రికార్డులు సేకరించు యువకులకు ఆ సూత్రమునే జ్ఞాపకము చేయదలచితిమి.

ఆనాటి రికార్డులు లక్కతో చేసినవి. అవి నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగును. 10 అంగుళముల పళ్లెములో ఒక్కొక్క వైపున సుమారు 3 నిమిషముల గానము మాత్రమే పట్టును. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్ అను ప్లాస్టిక్కుతో, నిమిషమునకు 33 1/3 చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డును వెలువరించెను. దీనిలో ఒక వైపుననే 20 నిమిషములకు పైగా పట్టును. ఆరేడు విడి రికార్డులలోని పాటలను ఒక్క పళ్లెముపైకి చేర్చు అవకాశము ఇట్లు కలిగెను. సంకలన రికార్డులు విరివిగా వెలువడుటకు ఇదియే మూలము.

నీగ్రో జాతివారి రిథమ్ అండ్ బ్లూస్, తెల్లవారి పల్లెపాట కలసి 1950 ప్రాంతములలో రాక్ అండ్ రోల్ అను క్రొత్త సంగీతముగా రూపొందెను. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ మున్నగువారు దానికి ప్రసిద్ధి తెచ్చిరి. వారి పాటలు తొలుత విడి రికార్డులుగానే వెలువడెను. 1959లో లాస్ ఏంజిల్స్ రేడియో వ్యాఖ్యాత ఆర్ట్ లబో కొలది సంవత్సరముల నాటి పాటలనే ఏర్చి కూర్చి ‘ఓల్డీస్ బట్ గుడీస్’ అను సంకలనమును ప్రకటించెను. అది మిక్కిలి ఆదరణ పొందెను. నాటినుండి అట్టి సంకలనములు లెక్కకు మిక్కిలిగా వచ్చినవి.

అయితే సంకలనము మీది పేరు చూచి అందలిది మొదటి ముద్రణయే అని నమ్మరాదు. చక్ బెర్రీ తన ప్రఖ్యాత గీతములను 1955 నుండి చికాగోలోని చెస్ సంస్థకు పాడెను. పిదప మెర్క్యురీ సంస్థలో చేరి, 1967లో అవే పాటలను మరల పాడి ‘గోల్డెన్ హిట్స్’ పేరుతో ఇచ్చెను. గాయకుడు ఒకడే, పాట ఒకటే. కాని గానము వేరు. మరికొన్ని సంకలనములలో ఒకే ధ్వనిమార్గములో ముద్రించిన పాత పాటలను యంత్రముచే మార్చి స్టీరియో అని అచ్చువేసిరి. కనుక కొనువారు అట్టమీది బొమ్మను గాక ముద్రణ సంవత్సరమును, మొదట వెలువరించిన సంస్థను, లేబులు ప్రక్కన నున్నని భాగములో చెక్కిన సంఖ్యను పరిశీలింపవలెను.

ఈ దూరదేశపు వృత్తాంతము మనకేల అని కొందరు సందేహింపవచ్చును. ఈ వివేకము మన ఇంటి అటకమీది రికార్డులకు మరింత అవసరము. కడప జిల్లావాడైన బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’, ఆయన సోదరుడు నాగిరెడ్డి చక్రపాణితో కలసి నిర్మించిన ‘పాతాళభైరవి’ రెండును 1951లో విడుదలైనవి. అట్టి చిత్రముల పాటలు సంకలనములలో మరల మరల వచ్చుటచే నేటికిని వినబడుచున్నవి. కాని సంకలనకర్త సాధారణముగా అమ్ముడుపోవు పాటనే ఎన్నుకొనును. నాటకపు పద్యములు, హరికథలు, ఉర్దూ నాత్‌లు, కవ్వాలీలు లక్క రికార్డులపైననే నిలిచిపోయినవి అనేకము కలవు. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసులో కవ్వాలీ వినువారికి ఆ నష్టము ఎంతటిదో మేము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి రికార్డు పగిలినచో దానితో ఒక కంఠమే అంతరించును.

భద్రపరచు విధము కష్టమైనది కాదు. మన కర్నూలు, కడపలలో వేసవి వేడి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. రేకుల కప్పు క్రింద, కాగిన బండల మిద్దెకు ఆనించిన అలమరలో వినైల్ రికార్డు వంగిపోవును. చల్లని గదిలో, నిలువుగా, పుస్తకములవలె ఉంచవలెను. ఒకదానిపై ఒకటి పేర్చరాదు. లక్క రికార్డును స్పిరిటుతో ఎన్నడును తుడువరాదు, స్పిరిటులో లక్క కరిగిపోవును. లక్క రికార్డునకు వెడల్పయిన ముల్లు, లాంగ్ ప్లేకు సన్నని ముల్లు వాడవలెను. పాత గ్రామఫోను ఉక్కు ముల్లు వినైల్ రికార్డును ఒక్కసారికే పాడుచేయును.

విద్యార్థులకు మా మనవి యొకటి. తాతగారి పెట్టెలోని రికార్డులను పాతసామాను వానికి తూకమునకు ఇచ్చుటకు ముందు, గాయకుని పేరు, సంస్థ, సంఖ్య, భాష, ఆ రికార్డు ఇంటికి వచ్చిన విధము ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఇంటి పెద్దలను అడిగినచో చివరి విషయము వారే చెప్పగలరు. వారి తరువాత చెప్పువారుండరు. కళాశాల పాలకవర్గమువారు గ్రంథాలయములో ఒక అలమరను, ఉర్దూ తెలుగు భాషలు రెండింటను వ్రాయదగిన ఒక రిజిస్టరును ఏర్పాటు చేసినచో, ఈ కార్యమునకు పెద్ద ధనము అవసరముండదు. పట్టికలు వ్రాయుటకు విద్యార్థులే చాలుదురు.