వైజ్ఞానిక నవల – విమర్శకులు, పాఠకులు

కొత్త రచనను పాత తూనికరాళ్లతో తూచడం సాహిత్యలోకంలో తరచుగా జరిగేదే. నూజివీడు మామిడి తోటలలో లేత అంటుమొక్క తొలిపూతను తుంచివేస్తారే గాని, దానినిబట్టి చెట్టు విలువను నిర్ణయించరు. గ్రంథాల విషయంలో మనకు అంత ఓర్పు ఉండదు.

తొలి వైజ్ఞానిక నవలగా నేడు పలువురు గుర్తించే 'ఫ్రాంకెన్‌స్టైన్' చరిత్ర ఇందుకు నిదర్శనం. అది 1818 జనవరి 1న లండన్‌లో 500 ప్రతులతో వెలువడింది. దానిపై రచయిత్రి మేరీ షెల్లీ పేరు లేదు. అప్పటికి ఆమె వయస్సు 20 సంవత్సరాలు. ఒక ప్రాణిని సృష్టించి, ఆదరించక విడిచిపెట్టిన యువశాస్త్రజ్ఞుని కథ అది. జుగుప్సాకరమనీ, నీతిబోధ లేనిదనీ విమర్శకుడు జాన్ విల్సన్ క్రోకర్ నిరసించాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ అందలి కల్పనాశక్తిని కొనియాడాడు; కాని దానిని మేరీ భర్త, కవి షెల్లీ రచనగా భావించాడు. 1823లో ఆ కథ నాటకమై ప్రేక్షకులను ఆకర్షించింది. ఆ ఏడే రచయిత్రి పేరుతో రెండవ ముద్రణ వచ్చింది.

మన సాహిత్యంలోనూ ఇట్టి పునర్విచారం జరిగింది. 16వ శతాబ్దినాటి పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లోని కల్పనను కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' (1914)లో కొత్త దృష్టితో పరిశీలించగా, పండితులలో వాదోపవాదాలు చెలరేగాయి.

క్రోకర్‌కు కనిపించని నీతి 'ఫ్రాంకెన్‌స్టైన్'లో ఉన్నది. తాను సృష్టించినదానికి మానవుడు బాధ్యత వహించాలన్నదే ఆ నీతి. కృత్రిమ మేధ విస్తరిస్తున్న నేడు అది మరింత స్పష్టమగుచున్నది. కావున విద్యార్థులు విమర్శను గౌరవించాలి. అయితే స్వయంగా చదివిన పిమ్మటనే తీర్పు చెప్పాలి.